క్యాలెండర్‌లో కొత్త ఎంట్రీ పెట్టగానే మనిషి పేరు దానంతట అదే పడాలంటే ఎలా?

తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్‌లో నోషన్ యాప్‌లో డేటాబేస్ క్యాలెండర్ గురించి చెప్పుకుందాం. అందులో కూడా ఒక్కటే విషయం. క్యాలెండర్‌లో ఎవరైనా కొత్త ఎంట్రీ పెట్టిన క్షణంలోనే, ఆ పని ఎవరిదో ఆ మనిషి పేరు దానంతట అదే అందులో పడాలి. ఆ మనిషి ఫోన్ మోగాలి. దానికి ఏమేం సెట్ చేయాలి, ఎక్కడ దెబ్బ తింటాం, అదీ ఈరోజు సంగతి.

చిన్న విషయమే కదా అనుకుంటారు. నేనూ అట్లే అనుకున్నాను. అందుకే ముందు జరిగింది చెప్తాను, తర్వాత సెట్టింగులు.

మేం ఇరవై మూడు మందిమి. కాలేజీల్లో చదివేవాళ్లు, ఇప్పుడిప్పుడే ఉద్యోగంలో చేరినవాళ్లు. మాకు పేరు లేదు, బోర్డు లేదు, ఒక వాట్సాప్ గ్రూపు మాత్రం ఉంది. రక్తం అవసరమైన వాళ్లకు దాతల్ని కుదిర్చిపెట్టడం మా పని. తిరుపతికి చుట్టుపక్కల నుంచి వైద్యానికి ఎంతమంది వస్తారో మీకు తెలుసు. చిత్తూరు, కడప, నెల్లూరు వైపు నుంచి, అటు తమిళనాడు సరిహద్దు ఊళ్ల నుంచి కూడా. వాళ్లకు ఇక్కడ తెలిసినవాళ్లు ఉండరు. మేం వాళ్లకు తెలిసినవాళ్లం అవుదామని మొదలుపెట్టాం.

అందులో ముఖ్యమైనది తలసీమియా పిల్లలది. ఈ పిల్లలకు ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగా తయారు కాదు. రెండు నుంచి ఐదు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించాలి. ప్రమాదం జరిగినప్పుడు కావలసిన రక్తం లాంటిది కాదు ఇది. ముందే తెలుసు, తేదీతో సహా తెలుసు. అంటే క్యాలెండర్‌లో పెట్టుకోదగిన పని. అందుకే వాట్సాప్ నుంచి నోషన్ క్యాలెండర్‌కు మారాం. చూడటానికి చాలా బాగుండేది. ఒక్కో పాపకు, బాబుకు ఒక్కో రంగు. అందరి ఫోన్లలోనూ కనిపించేది.

ఒక గురువారం, పలమనేరు అవతలి పల్లె నుంచి ఒకాయన ఆరేళ్ల కూతుర్ని తీసుకొని మొదటి బస్సుకు వచ్చినాడు. క్యాలెండర్‌లో ఆ తేదీన ఆ పాప ఎంట్రీ ఉంది. గ్రూపు అవసరం ఉంది, సమయం ఉంది. ఆ ఎంట్రీని మాలో చాలామంది చూశాం కూడా. దాతకు మాత్రం ఎవరూ ఫోన్ చేయలేదు. పదకొండున్నరకు ఆయన నాకు ఫోన్ చేస్తే, నేను గ్రూపులో అడిగాను.

"ఎవరన్నా దాతతో మాట్లాడినారా?"

"లేదన్నా, నువ్వు చేసింటావనుకుంటిని."

"నేను పుత్తూరన్న చూసుకుంటాడనుకున్నా."

"నాకు ఇంటర్నల్స్ కదా, వేరే ఎవరో పోతారులే అనుకున్నా."

ఇరవై మూడు మందిలో ప్రతి ఒక్కరూ మిగతా ఇరవై రెండు మందిని నమ్మినారు. అంతే జరిగింది. ఎవరూ చెడ్డవాళ్లు కాదు, ఎవరూ సోమరులు కాదు. సాయంత్రానికి ఒక దాతను పట్టుకున్నాం. కానీ ఇచ్చిన రక్తం వెంటనే ఎక్కించరు కదా, పరీక్షలు చేయాలి. ఆ రాత్రి వాళ్లిద్దరూ ఇక్కడే ఉండిపోవలసి వచ్చింది. పాప తెల్లగా పాలిపోయి, నాన్న ఒళ్లో నిద్రపోతా ఉంది. నేను ఏదో చెప్పబోతే ఆయన, "పర్వాలేదు సామీ, రేపు ఎక్కించుకొని పోతాంలే" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆయనకు రెండు రోజుల కూలి పోయింది, అది నాకు తెలుసు.

ఆ రాత్రి రూముకు వచ్చి ఆ ఎంట్రీ తెరిచి చూశాను. తేదీ ఉంది, రక్తం గ్రూపు ఉంది. 'బాధ్యత' అని మేం పెట్టుకున్న గడి మాత్రం ఖాళీగా ఉంది. ఆ గడి మొదటి నుంచీ ఉంది. ఎవరో ఒకరు నింపుతారని వదిలేశాం. ఆ ఎవరో ఒకరు రాలేదు.

దీని మీద ఒక పాత ప్రయోగం ఉంది. 1968లో అమెరికాలో జాన్ డార్లీ, బిబ్ లటానే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేశారు. విద్యార్థుల్ని వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి మైకులో మాట్లాడించారు. మధ్యలో ఒకరికి మూర్ఛ వచ్చినట్టు గొంతు వినిపిస్తుంది. అది తాను ఒక్కడే వింటున్నానని అనుకున్నవాళ్లలో 85 శాతం మంది సాయానికి లేచారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారని అనుకున్నవాళ్లలో, ఆ మూర్ఛ ఆగేలోపు లేచింది 31 శాతం మందే. చూసేవాళ్లు పెరిగేకొద్దీ లేచేవాళ్లు తగ్గిపోతారు. మా క్యాలెండర్ ఇరవై మూడు మందికి కనిపించేది. అందరికీ కనిపించడమే మా గొప్ప అనుకున్నాం, అదే మా లోపం అయ్యింది.

మన ఊళ్లో ఈ సమస్యను పెద్దవాళ్లు ఎప్పుడో తీర్చిపెట్టినారు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూసే ఉంటారు. బుధవారం బైరాగి వేషం, గురువారం బండ వేషం, శుక్రవారం తోటి వేషం, శనివారం దొర వేషం, ఆదివారం మాతంగి వేషం, తర్వాత సున్నపుకుండలు, మంగళవారం జాతర. ఏ రోజు ఏ వేషమో ఎవరూ కొత్తగా నిర్ణయించరు. అమ్మవారి వేషాలు వేసేది కైకాల వంశస్థులు అని కూడా ముందే ఖాయం. 'ఈ ఏడు ఎవరు వేస్తారబ్బా' అని ఎవరూ అడగరు. రోజు వచ్చేసరికి పనీ, ఆ పని చేసే మనిషీ ఇద్దరూ సిద్ధంగా ఉంటారు. క్యాలెండర్ అంటే అదీ. తేదీతో పాటు మనిషి కూడా రావాలి.

సరే, ఇప్పుడు సెట్టింగులకు వద్దాం. ఒక మాట. ఇవన్నీ లాప్‌టాప్‌లో ఒకసారి చేసుకోండి, తేలికగా ఉంటుంది. లాప్‌టాప్ లేకపోతే ఫ్రెండ్ దగ్గర గంటసేపు తీసుకోండి. ఒకసారి కుదిర్చాక రోజూ వాడేది ఫోన్‌లోనే.

మొదట డేటాబేస్. నోషన్‌లో క్యాలెండర్ అనేది విడిగా ఉండే వస్తువు కాదు. లోపల ఉండేది ఒక పట్టిక. దాన్నే క్యాలెండర్‌గా చూడొచ్చు, జాబితాగా చూడొచ్చు, బోర్డుగా చూడొచ్చు. ఈ చూపుల్ని 'వ్యూ' అంటారు. పట్టికలో ఒక్కో వరుస ఒక్కో ఎంట్రీ. ఒక్కో నిలువు గడిని 'ప్రాపర్టీ' అంటారు. మన పనికి కావలసినవి: తేదీ, బాధ్యత, పాప లేదా బాబు కోడ్, రక్తం గ్రూపు, పని ఎంతవరకు వచ్చిందో చెప్పే స్టేటస్.

బాధ్యత అనే ప్రాపర్టీ రకం తప్పకుండా 'పర్సన్' అయ్యుండాలి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. మామూలు టెక్స్ట్‌గా పెట్టి పేరు టైపు చేస్తారు. అది ఉత్త అక్షరాలు. యాప్‌కు అది ఏ మనిషో తెలియదు. పర్సన్ రకం పెడితేనే ఆ మనిషి ఖాతాకు ముడిపడుతుంది, నోటిఫికేషన్ వెళ్తుంది. ఇంకొకటి, ఆ ప్రాపర్టీ సెట్టింగులో లిమిట్ అని ఉంటుంది. దాన్ని ఒక మనిషికే పెట్టండి. మేం మొదట్లో ఒక్కో ఎంట్రీకి ఐదారుగురి పేర్లు వేసేవాళ్లం. ఐదుగురి పేర్లు ఉన్నాయంటే మళ్లీ ఆ 31 శాతం దగ్గరికే వచ్చినట్టు. ఒకరికే బాధ్యత. ఇంకొకరు తోడు కావాలంటే 'తోడు' అని వేరే ప్రాపర్టీ పెట్టుకోండి.

'క్రియేటెడ్ బై' అని ఇంకొక ప్రాపర్టీ రకం ఉంటుంది. అది దానంతట అదే నిండుతుంది కదా, అది చాలదా అని మా చెల్లెలొకరు అడిగింది. చాలదు. ఎంట్రీ ఎవరు పెట్టారో అది చెప్తుంది. పని ఎవరు చేయాలో చెప్పదు. మా దగ్గర ఎంట్రీలు ఎక్కువగా పెట్టేది నేను. అలా అయితే పనులన్నీ నావే అవుతాయి.

ఇప్పుడు అసలు పని. పేరు తనంతట తాను పడటానికి మూడు దారులు ఉన్నాయి.

మొదటి దారి ఫిల్టర్. ఒక క్యాలెండర్ వ్యూ తీసుకొని, 'బాధ్యత ఫలానా మనిషి' అని ఫిల్టర్ పెట్టండి. ఇప్పుడు ఆ వ్యూలో ఆ మనిషి ఎంట్రీలే కనిపిస్తాయి. ఇందులో ఒక మంచి గుణం ఉంది. ఆ వ్యూలో నిలబడి కొత్త ఎంట్రీ పెడితే, ఫిల్టర్‌లో ఉన్న మనిషి పేరు అందులో తనంతట తానే నిండుతుంది. డబ్బు లేదు, కోడ్ లేదు. కానీ ఫిల్టర్ సాదాగా ఉండాలి. 'ఈ మనిషి లేదా ఆ మనిషి' అని పెడితే ఎవరి పేరు వేయాలో యాప్‌కు ఎట్లా తెలుస్తుంది? అక్కడ దీన్ని నమ్ముకోవద్దు.

రెండో దారి టెంప్లేట్. మేం ఎక్కువగా వాడేది ఇదే. పైన 'న్యూ' అనే నీలం బటన్ పక్కన చిన్న బాణం ఉంటుంది. అది నొక్కి 'న్యూ టెంప్లేట్' తీసుకోండి. ఖాళీ ఎంట్రీ లాంటిది తెరుచుకుంటుంది. అందులో బాధ్యత గడిలో మనిషి పేరు పెట్టండి. స్టేటస్‌లో 'మొదలు కాలేదు' అని పెట్టండి. కింద చేయవలసిన పనుల జాబితా రాయండి. తర్వాత వెనక్కి వచ్చి, ఆ టెంప్లేట్ పక్కన ఉన్న మూడు చుక్కలు నొక్కితే 'సెట్ యాజ్ డిఫాల్ట్' అని ఉంటుంది. ఇక మీద ఎవరు కొత్త ఎంట్రీ తెరిచినా ఈ అచ్చులోనే వస్తుంది, పేరుతో సహా.

ఆ డిఫాల్ట్ పెట్టేటప్పుడు యాప్ ఒక ప్రశ్న అడుగుతుంది. డేటాబేస్‌లో అన్ని వ్యూలకా, ఈ ఒక్క వ్యూకేనా అని. చాలామంది దాన్ని చదవకుండా నొక్కేస్తారు. మొత్తం కీలకం అక్కడే ఉంది. ఎట్లాగో ఇప్పుడు చెప్తాను.

మొదట మేం రోజుల లెక్కన పంచుకున్నాం. జాతర వేషాల మాదిరి. సోమవారం శ్రీకాళహస్తి చెల్లెలు, మంగళవారం పుత్తూరు అన్న, బుధవారం పలమనేరు తమ్ముడు, ఇట్లా. ఏడు టెంప్లేట్లు చేశాం. నెల రోజులు బాగానే నడిచింది. కానీ రెండు చిక్కులు వచ్చాయి. ఒకటి, ఎంట్రీ పెట్టే మనిషి ఆ తేదీ ఏ వారమో చూసి సరైన టెంప్లేట్ ఎంచుకోవాలి. మళ్లీ మనిషి మీదే ఆధారపడ్డాం. రెండోది ఇంకా పెద్దది. ఒకే పాపకు ఈసారి ఒకరు, మూడు వారాల తర్వాత ఇంకొకరు వచ్చేవాళ్లు. వచ్చిన ప్రతివాడూ ఆ తండ్రిని మొదటి నుంచీ అడిగేవాడు. పోయినసారి ఏ దాత ఇచ్చాడు, పాపకు ఏమైనా ఇబ్బంది అయ్యిందా, మీరు ఏ బస్సుకు వస్తారు. ఆయన పాపం అందరికీ ఓపికగా చెప్పేవాడు.

అప్పుడు మార్చుకున్నాం. రోజుకు ఒక మనిషి అనేది తీసేసి, పాపకు ఒక మనిషి అని పెట్టాం. మా దగ్గర తొమ్మిది మంది పిల్లలు ఉన్నారు. తొమ్మిది వ్యూలు చేశాం. ఒక్కో వ్యూకు ఆ పాప కోడ్‌తో ఫిల్టర్. ఆ వ్యూకు మాత్రమే డిఫాల్ట్‌గా ఒక టెంప్లేట్, అందులో ఆ పాపను చూసుకునే మనిషి పేరు. ఇప్పుడు ఆ పాప వ్యూలో తేదీ మీద నొక్కి కొత్త ఎంట్రీ పెడితే, తేదీ వస్తుంది, కోడ్ వస్తుంది, బాధ్యత వస్తుంది. ఎంట్రీ పెట్టేవాళ్లు దేన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

మరి ఎవరైనా పొరపాటున అందరి క్యాలెండర్‌లోకి వెళ్లి ఎంట్రీ పెడితే? అందుకే ఇంకొక టెంప్లేట్. మిగిలిన వ్యూలన్నిటికీ అది డిఫాల్ట్. అందులో ఉండేది నా పేరు. అంటే దారి తప్పిన ప్రతి ఎంట్రీ నా దగ్గరికి వస్తుంది. నేను చూసి సరైన మనిషికి మారుస్తాను. మీ గుంపులో కూడా ఇట్లాంటి ఒకరిని పెట్టుకోండి. ఖాళీ గడి అనేది ఎప్పుడూ ఉండకూడదు.

మూడో దారి ఆటోమేషన్. డేటాబేస్ పైన మెరుపు గుర్తు ఉంటుంది. అందులో 'ఎప్పుడు', 'ఏం చేయాలి' అని రెండు భాగాలు. 'పేజ్ యాడెడ్' అంటే కొత్త ఎంట్రీ వచ్చినప్పుడు. లేదా ఫలానా ప్రాపర్టీ మారినప్పుడు. ఆ తర్వాత 'ఎడిట్ ప్రాపర్టీ', అందులో బాధ్యత, అందులో మనిషి. ఉదాహరణకు రక్తం గ్రూపు ఓ నెగెటివ్ అని పెట్టగానే, అరుదైన గ్రూపుల సంగతి తెలిసిన అన్న పేరు పడేట్టు చేయొచ్చు. టెంప్లేట్ కంటే దీనికి తెలివి ఎక్కువ. ఎంట్రీ పుట్టిన తర్వాత కూడా ఇది పనిచేస్తుంది. కానీ ఇట్లాంటి ఆటోమేషన్లు చేసుకోవడానికి డబ్బు కట్టే ప్లాన్ కావాలి. కాలేజీ ఈమెయిల్ ఉన్న విద్యార్థులకు ప్లస్ ప్లాన్ ఉచితంగా ఇస్తారు, కాకపోతే అది ఒక్కరి ఖాతాకే. మిగతావాళ్లను గెస్టులుగా పిలుచుకోవాలి. ముందు టెంప్లేట్లతో నడిపి చూడండి. మాకు తొంభై శాతం పని వాటితోనే అయిపోయింది.

నోషన్ వద్దు, మాకు గూగుల్ షీటే అలవాటు అంటే దానికీ దారి ఉంది. గూగుల్ ఫామ్ నింపగానే షీట్‌లో వరుస పడుతుంది. దానికి యాప్స్ స్క్రిప్ట్ అనే చిన్న కోడ్ తగిలిస్తే, ఆ వరుస చూసి గూగుల్ క్యాలెండర్‌లో ఈవెంట్ తయారుచేసి, సరైన మనిషిని అతిథిగా చేర్చి ఆహ్వానం పంపుతుంది. కోడ్ తెలిసిన ఫ్రెండ్ ఉంటే ఒక సాయంత్రం పని.

ఇప్పుడు మేం తిన్న దెబ్బలు. ఇవి వింటే మీకు సమయం మిగులుతుంది.

ఒకటి, ఫార్ములాతో పేరు చూపించడం. తేదీని బట్టి పేరు చూపించే ఫార్ములా రాసి మా తమ్ముడు చాలా సంబరపడ్డాడు. పేరు అద్భుతంగా కనిపించింది. ఎవరి ఫోనూ మోగలేదు. ఫార్ములా చూపించేది చూపు మాత్రమే. పర్సన్ గడిలో పేరు పడితేనే కబురు వెళ్తుంది.

రెండు, టెంప్లేట్ పెట్టిన తర్వాత పుట్టిన ఎంట్రీలకే అది వర్తిస్తుంది. అంతకు ముందు పెట్టినవి ఖాళీగానే ఉంటాయి. పాత ఎంట్రీని డూప్లికేట్ చేస్తే పాత పేరే వస్తుంది. అందుకని 'బాధ్యత ఖాళీగా ఉన్నవి' అని ఒక వ్యూ పెట్టుకున్నాం. ఆదివారం సాయంత్రం దాన్ని తెరుస్తాను. అది ఖాళీగా కనిపిస్తే ఆ వారం నాకు నిద్ర పడుతుంది.

మూడు, రిపీట్. టెంప్లేట్‌ను రోజూ, వారానికోసారి, నెలకోసారి తనంతట తానే ఎంట్రీ పుట్టించేట్టు పెట్టొచ్చు. హాస్టల్ మెస్ డ్యూటీకి, రూము అద్దెకు చాలా మంచిది. కానీ అది ఆ రోజు వచ్చాకే పుడుతుంది. దాతను ముందే అడగాలంటే మనకు ఎంట్రీ వారం ముందే కావాలి. పైగా పిల్లలకు తర్వాతి తేదీ చెప్పేది డాక్టరు. హిమోగ్లోబిన్ చూసి చెప్తారు. అందుకని తేదీని మాత్రం మేం యంత్రానికి వదల్లేదు. డాక్టరు చెప్పిన తేదీని చేత్తోనే పెడతాం.

నాలుగు, తేదీ. మేం ఎక్కించే రోజును తేదీగా పెట్టేవాళ్లం. తప్పు. దాత ఇచ్చిన రక్తానికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేసిన తర్వాతే వాడతారు. కాబట్టి దాత ముందే వెళ్లాలి. ఇప్పుడు రెండు తేదీలు ఉన్నాయి. ఎక్కించే రోజు ఒకటి, దాత వెళ్లే రోజు ఒకటి. క్యాలెండర్‌లో కనిపించేది దాత వెళ్లే రోజు. ఆ గురువారం నాడు పాప ఎంట్రీలో పేరు ఉన్నా కూడా, తేదీ ఇట్లా ఉంటే ఆలస్యమే అయ్యేది. ఆ సంగతి మాకు తర్వాత అర్థమైంది.

ఐదు, దాతల లెక్క. మగవాళ్లు ఒకసారి ఇచ్చాక 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాలి. వయసు 18 నిండాలి, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. ఒక పాపకు మూడు వారాలకు ఒక యూనిట్ చొప్పున చూసినా ఏడాదికి పదిహేడు యూనిట్లు. ఒక మగ దాత ఏడాదికి ఎంత చేసినా నాలుగుసార్లు. అంటే ఒక్క పాపకే కనీసం ఐదుగురు దాతలు. దాతలకు వేరే డేటాబేస్ పెట్టి, చివరిసారి ఇచ్చిన తేదీకి 90 గానీ 120 గానీ కలిపి మళ్లీ ఎప్పుడు ఇవ్వొచ్చో చూపే ఫార్ములా రాశాం. ఇక్కడ ఫార్ములా మంచి పని చేస్తుంది, ఎందుకంటే ఇది కబురు పంపే పని కాదు, లెక్క చెప్పే పని.

ఆరు, పిల్లల వివరాలు. మా ఎంట్రీల్లో పిల్లల పేర్లు ఉండవు, కోడ్ ఉంటుంది. తండ్రి ఫోన్ నంబరు ఆ పాపను చూసుకునే మనిషి దగ్గరే ఉంటుంది. పేజీని వెబ్‌లో పబ్లిష్ చేసే బటన్ జోలికి ఎవరూ పోకూడదని మొదటే చెప్పేశాం. వాళ్లు మనల్ని నమ్మి చెప్పిన సంగతులు అవి.

ఏడోది చివర పెట్టాను, ఎందుకంటే అది నాకు ఇంకా కొంచెం భయం వేసే విషయం. జూన్‌లో మా అన్న ఒకరికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. వెళ్లిపోయినాడు. సంతోషించాం, బిర్యానీ తిన్నాం. టెంప్లేట్‌లో పేరు మార్చడం మర్చిపోయాం. మూడు వారాల తర్వాత ఒక బాబు ఎంట్రీ పుట్టింది, అన్న పేరుతో. ఆయన ఫోన్‌లో నోషన్ తీసేసుకున్నాడు. ఖాళీ గడి అయితే ఆదివారం నా కంట పడేది. ఇది నిండిన గడి. నిండుగా ఉంది కాబట్టి ఎవరూ చూడలేదు. బాబు వాళ్ల అమ్మ రెండు రోజుల ముందు ఊరికే ఫోన్ చేసి, "దాత కుదిరినాడా నాయనా?" అని అడగబట్టి బయటపడింది.

ఆలోచిస్తే ఖాళీ గడి కంటే ఇదే ప్రమాదం. ఖాళీ గడి కనీసం నిజం చెప్తుంది. లేని మనిషి పేరుతో నిండిన గడి అబద్ధం చెప్తుంది.

ఆ తర్వాత ఒక చిన్న చెక్‌బాక్స్ చేర్చాం. దాని పేరు 'నేను చూసుకుంటా'. టెంప్లేట్‌లో అది ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. దాన్ని యంత్రం నింపకూడదు, ఇంకొకరు నింపకూడదు. పేరు పడిన మనిషే తన చేత్తో టిక్ పెట్టాలి, ఒక రోజులోపు. టిక్ లేని ఎంట్రీలకు ఒక వ్యూ ఉంది. ఒక రోజు దాటితే తోడు మనిషి ఫోన్ చేస్తాడు. ఏం లేదు, "చూసినావా?" అని ఒక్క మాట. పరీక్షలు ఉన్నాయా, ఒంట్లో బాగలేదా, చెప్పేస్తే చాలు, పేరు మార్చేస్తాం. కుదరదని చెప్పడం తప్పు కాదు, చెప్పకపోవడమే తప్పు అని మాట పెట్టుకున్నాం.

ఇన్ని సెట్టింగులు చెప్పి చివరికి చేత్తో టిక్ పెట్టమంటున్నాడేంటి అనుకుంటారేమో. యాప్ చేయగలిగేది ఏమిటంటే, ఈ పని నీది అని సరైన మనిషికి, సరైన సమయానికి, మర్చిపోకుండా చెప్పడం. అది చాలా పెద్ద సాయం. ఇరవై మూడు మందిలో ఒకణ్ణి వేరు చేసి, నువ్వే అని చెప్తుంది. కానీ 'సరే, నేనే' అనే మాట మనిషి నోటి నుంచే రావాలి. ఆ మాటను ఆటోమేట్ చేస్తే మళ్లీ మొదటికే వస్తాం.

మీకు రక్తదానం గుంపు లేకపోవచ్చు. హాస్టల్ రూములో నీళ్ల క్యాన్ ఎవరు తేవాలి, కాలేజీ ఫెస్టులో మైకు ఎవరిది, ఇంట్లో అవ్వకు మాత్రలు ఎవరు తేవాలి. అన్నిటికీ ఇదే అచ్చు పనికొస్తుంది. ఈ వారం ఒక్కటి చేయండి. మీ గుంపు క్యాలెండర్ తెరిచి, పేరు లేని ఎంట్రీలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఆ తర్వాత పేరు ఉన్నవాటిలో, ఆ మనిషికి అసలు తెలుసో లేదో ఫోన్ చేసి అడగండి. రెండో లెక్క ఎక్కువ భయపెడుతుంది, ముందే చెప్తున్నాను.

పలమనేరు పాప పోయిన వారం మళ్లీ వచ్చింది. ఆ పాపను చూసుకునేది ఇప్పుడు పలమనేరు తమ్ముడే. వాళ్ల ఊరి బస్సు ఎన్నింటికి వస్తుందో వాడికి తెలుసు. దాత ముందురోజే ఇచ్చేసి పోయినాడు. మధ్యాహ్నం తర్వాత బస్టాండులో పాప నన్ను చూసి, తమ్ముణ్ణి చూపించి, "ఈ అన్న మా అన్న" అనింది. నేను ఎవరో దానికి గుర్తు లేదు. అదే నాకు నచ్చింది.

ఉంటాను మరి. సెట్టింగుల్లో ఎక్కడన్నా ఇరుక్కుపోతే అడగండి, తెలిసినంతవరకు చెప్తాను. నమస్కారం.